కుదిస్తే కరెంటు మిగులుతుందా?

(ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కాస్త కత్తిరించి.)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత మొదటి స్లాట్ నాకిచ్చారు. ఈ స్లాట్ ఎలాంటివాళ్లకిస్తారో నాకు తెలుసు. (నవ్వులు) ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు నిద్రపోయినా ఏమీ అనుకోను. మిగతావాళ్లు కాస్త ముందు వరుసల్లోకి వస్తే నా గొంతు బతుకుతుంది.

నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. బ్యాకప్‌లు, లాగ్‌లు, డేటాబేస్ డంప్‌లు, వీటితోనే తెల్లారుతుంది, వీటితోనే పొద్దుగూకుతుంది. అక్కడ మాటిమాటికీ వచ్చే ప్రశ్న ఒకటుంది: ఈ ఫైల్‌ని కుదించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా? వినడానికి చిన్న విషయం. మీ సిలబస్‌లో హఫ్‌మన్ కోడింగ్ అని ఒక ప్రశ్న వస్తుంది, చెట్టు గీస్తారు, కొమ్మల మీద సున్నాలూ ఒకట్లూ వేస్తారు, మార్కులు పడిపోతాయి. ఆ చెట్టు నడవడానికి ఎంత కరెంటు ఖర్చవుతుందని ఏ పరీక్షలోనూ అడగరు. ఈరోజు అది మాట్లాడుకుందాం.

ముందు చిన్న సర్వే. ఫైల్ జిప్ చేస్తే కరెంటు ఆదా అవుతుందనుకునేవాళ్లు చేతులెత్తండి. బాగుంది. లేదు, ఎక్కువ ఖర్చవుతుందనుకునేవాళ్లు? దాదాపు సగం సగం. రెండుసార్లూ ఎత్తనివాళ్లు ఫ్యాన్ కింద ఉన్నవాళ్లు. (నవ్వులు)

రెండు వైపులా న్యాయం ఉంది. కుదిస్తే డిస్కు మీద రాసేది తగ్గుతుంది, వైఫైలో పంపేది తగ్గుతుంది, అక్కడ కరెంటు మిగులుతుంది. కానీ కుదించడానికి ప్రాసెసర్ పనిచేయాలి, తెరిచేటప్పుడు ఇంకోసారి పనిచేయాలి, అక్కడ కరెంటు పోతుంది. మిగిలిందెంత, పోయిందెంత? ఈ లెక్క వేసేటప్పుడు అందరూ మొట్టమొదట చూసేది ఫైల్ ఎంత చిన్నదయిందని. నన్నడిగితే అది ఆఖరున చూడాల్సిన అంకె. ముందు అడగాల్సింది ఏంటంటే, ఈ ఫైల్‌ని ఎన్నిసార్లు కుదిస్తారు, ఎన్నిసార్లు విప్పుతారు, ఎవరి మెషీన్ మీద?

లోపల జరిగే పనేంటో ఒక్క మాటలో చెప్పుకుని ముందుకెళ్దాం. 1951లో ఎం.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ప్రొఫెసర్ క్లాసుకి ఒక ఆప్షన్ ఇచ్చాడు. ఫైనల్ ఎగ్జామ్ అయినా రాయండి, టర్మ్ పేపర్ అయినా ఇవ్వండి అని. డేవిడ్ హఫ్‌మన్ అనే స్టూడెంట్ టర్మ్ పేపర్ తీసుకున్నాడు. ఎక్కువసార్లు వచ్చే అక్షరానికి చిన్న కోడ్, అరుదుగా వచ్చేదానికి పెద్ద కోడ్ ఇచ్చే పద్ధతి అందులోంచి వచ్చింది, 1952లో అచ్చయింది. అతను ఒక్క పరీక్ష తప్పించుకున్నాడు, డెబ్భై ఏళ్లుగా ప్రపంచంలో మిగతావాళ్లందరూ రాస్తున్నారు. (నవ్వులు) తర్వాత 1977లో ఇజ్రాయెల్‌కి చెందిన జాకబ్ జివ్, అబ్రహం లెంపెల్ ఇంకో ఆలోచన ఇచ్చారు. ఇంతకు ముందు వచ్చిన ముక్కే మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయొద్దు, ఇంత వెనక్కి వెళ్లి ఇన్ని అక్షరాలు తెచ్చుకో అని గుర్తు పెడితే చాలని. ఫిల్ కాట్జ్ ఈ రెండింటినీ కలిపి డిఫ్లేట్ తయారు చేశాడు. మీ జిప్ ఫైల్, లైనక్స్‌లో జీజిప్, పీఎన్‌జీ బొమ్మ, అన్నిట్లో ఉన్నది అదే.

ఇందులో మన లెక్కకి పనికొచ్చే విషయం ఒకటుంది. కుదించేవాడు వెతకాలి. ఈ ముక్క ఇంతకు ముందు ఎక్కడొచ్చింది, అంతకంటే పొడుగ్గా కలిసేది ఇంకెక్కడైనా ఉందా అని వెనక్కి వెళ్లి చూస్తూనే ఉండాలి. విప్పేవాడికి ఆ బాధ లేదు. ఎక్కడికెళ్లాలో రాసి ఉంది, వెళ్లి కాపీ చేసుకోవడమే. జీజిప్‌లో 1 నుంచి 9 దాకా లెవెల్స్ ఉంటాయి కదా, 9 పెట్టినా వచ్చే ఫార్మాట్ అదే. ఇంకా మొండిగా వెతుకుతుంది, అంతే. ఖర్చంతా ఆ వెతుకులాటదే.

ఆ వెతుకులాట ఎక్కడ జరుగుతుందన్నది కూడా ముఖ్యం. జీజిప్ వెనక్కి చూసేది 32 కేబీ దాకానే. అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే కాష్ అనే చిన్న మెమరీలో దాదాపు సర్దుకుంటుంది. అదే ఎక్స్‌జెడ్ అనే ఇంకో కుదింపు ప్రోగ్రామ్‌ని లెవెల్ 9లో పెడితే 64 ఎంబీ డిక్షనరీ పెట్టుకుంటుంది, అంటే అంత వెనక్కి చూస్తుంది, కుదించేటప్పుడు 674 ఎంబీ ర్యామ్ తీసుకుంటుంది. ఈ అంకెలు దాని మాన్యువల్ పేజీలోనే ఉంటాయి, చూడండి. అంత ర్యామ్‌లో అటూ ఇటూ దూకుతూ వెతకడమంటే ప్రతి దూకుడికీ కాష్ దాటి మెయిన్ మెమరీకి వెళ్లాల్సిందే.

దాని ధర ఎంతో మార్క్ హోరోవిట్జ్ 2014లో ఒక సదస్సులో లెక్క కట్టి చూపించాడు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్. 45 నానోమీటర్ల చిప్ మీద రెండు 32 బిట్ అంకెలు కూడడానికి 0.1 పైకోజూల్. పైకోజూల్ అంటే జూల్‌లో లక్ష కోట్లో వంతు. మెయిన్ మెమరీ నుంచి 64 బిట్లు తెచ్చుకోవడానికి 1300 నుంచి 2600 పైకోజూల్స్. ఒక్కసారి ర్యామ్ దాకా వెళ్లొచ్చే ఖర్చుతో పదమూడు వేల కూడికలు పైమాటగా చేసుకోవచ్చు! ఇప్పటి చిప్‌లలో అంకెలు మారి ఉంటాయి, తేడా మాత్రం అలాగే ఉంది. ప్రాసెసర్ లెక్కలు చేసి అలసిపోతుందని అనుకుంటాం. నిజానికి కరెంటు పోయేది మోతకి, డేటాని అక్కడి నుంచి ఇక్కడికి మోయడానికి.

దీని మీద నాకు బాగా ఇష్టమైన పేపర్ ఒకటుంది. 2003లో ఎం.ఐ.టి. నుంచి కెనెత్ బార్, క్రిస్టే అసనోవిచ్ రాశారు. అప్పటికి ఇప్పటిలాంటి స్మార్ట్‌ఫోన్లు లేవు, చేతిలో పట్టుకునే చిన్న కంప్యూటర్లు ఉండేవి. స్ట్రాంగ్‌ఆర్మ్ అనే ప్రాసెసర్ ఉన్న బోర్డుకి మీటర్ తగిలించి కొలిచారు. వైర్‌లెస్‌లో ఒక్క బిట్ పంపే ఖర్చు ఒక 32 బిట్ లెక్క చేసే ఖర్చుకి వెయ్యి రెట్ల పైన ఉండొచ్చు. మరి అలాంటప్పుడు, పంపే ముందు ఎంత కుదిస్తే అంత లాభం ఉండాలి కదా? వాళ్లు కొలిస్తే, మామూలుగా వాడే చాలా పద్ధతుల్లో కుదించి పంపడానికే ఎక్కువ ఎనర్జీ ఖర్చయింది. కుదించకుండా పంపేస్తేనే నయం! ఎందుకంటే కుదింపు అంటే ఉత్త కూడికలు కావు, ర్యామ్ చుట్టూ తిరుగుడు.

వాళ్లు అక్కడితో ఆగలేదు. పంపేటప్పుడు ఒక పద్ధతి, అందుకునేటప్పుడు ఇంకో పద్ధతి వాడితే ఎలా ఉంటుందని చూశారు. చేతిలో ఉన్న పరికరానికి ఏది చవకో అదే దాని వైపు పెట్టడం అన్నమాట. అలా చేస్తే, అందరూ డీఫాల్ట్‌గా వాడే పద్ధతితో పోలిస్తే పంపడానికీ అందుకోవడానికీ కలిపి ఎనర్జీ 57 శాతం దాకా తగ్గింది. బాగా ఆలోచించి ఎంచుకున్న ఒకే పద్ధతితో పోల్చినా 11 శాతం తగ్గింది. ఇరవై ఏళ్ల నాటి బోర్డు, ఆ అంకెలు యథాతథంగా మీ ఫోన్‌కి వర్తించవు. వాళ్లు అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ అడగాల్సిందే.

ఇప్పుడు చేత్తో ఒక లెక్క వేద్దాం. పోలండ్‌లోని సైలీసియా టెక్నికల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన సైలీసియా కార్పస్ అని ఒక ఫైళ్ల కట్ట ఉంది, సుమారు 212 ఎంబీ. డిక్షనరీ, ఎక్స్‌రే బొమ్మ, ప్రోగ్రాములు, డేటాబేస్ అన్నీ కలిపి పెట్టారు. కుదింపు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లందరూ దాని మీదే పోటీ పడతారు. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో ఒక్క కోర్ మీద, జిప్‌లోని డిఫ్లేట్ పద్ధతినే వాడే జెడ్‌లిబ్ లెవెల్ 1లో సెకనుకి దాదాపు 100 ఎంబీ కుదిస్తుంది. ఫైల్ 2.7 రెట్లు తగ్గుతుంది. ఫేస్‌బుక్ నుంచి 2016లో వచ్చిన జెడ్‌స్టాండర్డ్ లెవెల్ 1లో సెకనుకి దాదాపు 500 ఎంబీ, తగ్గేది 2.9 రెట్లు. జెడ్‌స్టాండర్డ్, ఎల్‌జెడ్4 రెండూ యాన్ కోలే అనే ప్రోగ్రామర్ చేతిలోంచి వచ్చినవే అయినా, 2011 నాటి ఎల్‌జెడ్4 తీరు వేరు. తగ్గేది 2.1 రెట్లే, వేగం మాత్రం సెకనుకి దాదాపు 700 ఎంబీ. విప్పేటప్పుడు చూడాలి దాని పరుగు, సెకనుకి 4000 ఎంబీ అటూ ఇటూ.

పని చేస్తున్నంతసేపూ ప్రాసెసర్ 15 వాట్లు తింటుందని అనుకోండి. లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె అది. వాట్లని సెకన్లతో గుణిస్తే జూల్స్. 10 జీబీ ఫైల్‌కి జెడ్‌లిబ్‌తో 100 సెకన్లు, 1500 జూల్స్. జెడ్‌స్టాండర్డ్‌తో 20 సెకన్లు, 300 జూల్స్. ఫైల్ సైజు దాదాపు అంతే, పైగా కాస్త చిన్నదే. అల్గారిదమ్ మార్చినంత మాత్రాన ఐదో వంతుకి దిగింది.

ఇప్పుడు మీరు అడుగుతారు, 1500 జూల్స్ అంటే ఎంత డబ్బు అని. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జూల్స్. అంటే ఇలాంటి పని రెండు వేల నాలుగు వందల సార్లు చేస్తే ఒక యూనిట్. మీ ఇంటి కరెంటు బిల్లులో ఇది కనబడే ప్రసక్తే లేదు, గీజర్ ఒక్క నిమిషం ముందు ఆపితే అంతకు పదుల రెట్లు మిగులుతుంది. కాబట్టి ఇంటికెళ్లి నాన్నగారికి జిప్ మానేశాను, బిల్లు తగ్గుతుందని చెప్పకండి. (నవ్వులు)

ల్యాప్‌టాప్ బ్యాటరీకి వస్తే కథ వేరు. 50 వాట్-అవర్ బ్యాటరీ అంటే 1,80,000 జూల్స్. 1500 జూల్స్ అంటే ఒక శాతానికి కాస్త తక్కువ. ఒక్క ఫైల్‌కి! డేటా సెంటర్‌కి వస్తే ఇంకా వేరు. అంతర్జాతీయ ఎనర్జీ ఏజెన్సీ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు 415 టెరావాట్-అవర్ల కరెంటు వాడాయి, అంటే మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం. 2015లో గూగుల్ ఇంజినీర్లు తమ సర్వర్లలో ప్రాసెసర్ టైమ్ ఎక్కడికి పోతోందని చూస్తే, ఏ అప్లికేషన్ అయినా సరే కట్టక తప్పని పన్ను ఒకటి కనబడింది. మెమరీ అడగడం, డేటాని అటూ ఇటూ కాపీ చేయడం, మెసేజ్‌లు కట్టడం విప్పడం, ఇలాంటివి. అంతా కలిపితే 30 శాతం దగ్గర తేలింది. కుదింపు ఆ పన్నులో ఒక ముఖ్యమైన పద్దు. అంత పెద్ద మందలో ఒక శాతం మిగిలినా అది వేల మెషీన్ల మాట.

సరే, ఎన్నిసార్లు కుదిస్తాం, ఎన్నిసార్లు విప్పుతాం అన్న ప్రశ్నకి వద్దాం. దీనికి లైనక్స్‌లో ఒక రకమైన ఆర్చ్ లైనక్స్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇక్కడ ఆర్చ్ వాడేవాళ్లు ఉన్నారా? ఉంటే అడక్కుండానే చెప్తారు లెండి. (నవ్వులు) వాళ్ల సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలన్నీ ఎక్స్‌జెడ్‌లో ఉండేవి. 2019 చివర్లో జెడ్‌స్టాండర్డ్‌కి మారారు. మారినందుకు ప్యాకేజీలన్నీ కలిపి సైజు పెరిగింది 0.8 శాతం. విప్పే వేగం పెరిగింది దాదాపు 1300 శాతం. మళ్లీ చెప్తాను, సైజులో ఒక్క శాతం కూడా పోలేదు, విప్పే టైమ్ పద్నాలుగో వంతుకి పడిపోయింది.

కుదించేటప్పుడు వాళ్లు లెవెల్ 20 వాడారు. అది చాలా నెమ్మది, చాలా ర్యామ్ తింటుంది. అయినా ఫరవాలేదు, ఎందుకంటే ప్యాకేజీ తయారు చేసేవాడు ఒక్కడు, ఒక్కసారి కుదిస్తాడు. దించుకుని విప్పేవాళ్లు వేలమంది. జెడ్‌స్టాండర్డ్‌లో ఇంకో సుగుణం, ఎంత పై లెవెల్‌లో కుదించినా విప్పే వేగం పెద్దగా మారదు. మన ఇళ్లలో ఆవకాయ సంగతి చూడండి. వేసవిలో ఆ నాలుగు రోజులు కాయ కొట్టడం, కారం ఆడించడం, ఇల్లంతా హడావిడి. తర్వాత ఏడాదంతా జాడీలోంచి తీసి వడ్డించుకోవడమే. ఏడాదంతా తినేదాని మీద నాలుగు రోజులు ఒళ్లు వంచొచ్చు. ఒక్క పూట కూరకి ఎవరూ అంత చేయరు.

వెబ్‌సైట్లలోనూ అంతే. బ్రోట్లీ అని గూగుల్ వాళ్ల పద్ధతి ఉంది, 0 నుంచి 11 దాకా లెవెల్స్. మారని ఫైళ్లు, అంటే జావాస్క్రిప్ట్, స్టైల్‌షీట్లు, వీటిని ముందే 11లో కుదించి పెట్టుకోవాలి. యూజర్ అడిగినప్పుడు అప్పటికప్పుడు తయారయ్యే పేజీని 11లో కుదించాలని చూస్తే సర్వర్ చతికిలబడుతుంది. దానికి 4 లేదా 5 చాలు. కొందరు కాన్ఫిగరేషన్ ఫైల్‌లో పెద్ద అంకె పెట్టి వదిలేస్తారు, పెద్ద అంకె అంటే మంచిదని. ప్రతి రిక్వెస్ట్‌కీ ఆవకాయ పెడుతున్నామని వాళ్లకి తెలియదు. ఇక రోజూ రాసే బ్యాకప్‌ల సంగతి దీనికి తిరగేసి చూడండి. రోజూ కుదిస్తాం, దేవుడి దయ వల్ల ఎప్పుడూ విప్పం. అక్కడ కుదించే ఖర్చే మొత్తం ఖర్చు, కాబట్టి తక్కువ లెవెల్ చాలు.

ఒక ఆఫీసులో చూసిన సంగతి చెప్తాను, పేరు వద్దు. రాత్రి మొదలైన బ్యాకప్ పొద్దున్న స్టాఫ్ వచ్చేసరికీ నడుస్తూనే ఉండేది. సర్వర్ ఫ్యాన్ల మోత వరండాలోకి వినిపించేది. కొత్త సర్వర్ కొనాలని ఫైల్ కూడా పెట్టేశారు. తీరా చూస్తే అందులో ఉన్నవి స్కాన్ చేసిన కాగితాలు, అన్నీ జేపెగ్‌లు. వాటిని అత్యధిక లెవెల్‌లో రాత్రంతా కుదిస్తున్నారు. జేపెగ్ అంటేనే కుదించిన బొమ్మ. అందులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలేవీ మిగలవు, వెతికి వెతికి ప్రాసెసర్ వేడెక్కుతుందే తప్ప ఫైల్ తగ్గదు. ఆ ఫోల్డర్‌కి కుదింపు తీసేసి ఉత్తగా కాపీ చేయిస్తే తెల్లారకుండానే అయిపోయింది. కొత్త సర్వర్ ఫైల్ ఏమైందో నాకు తెలియదు, బహుశా అది కూడా కుదింపుకి లొంగలేదేమో. (నవ్వులు)

ఎంపీ4 వీడియో, ఎంపీ3 పాట అంతే. మీ వర్డ్ డాక్యుమెంట్ డీఓసీఎక్స్ కూడా లోపల జిప్పే, పేరు చివర డాట్ జిప్ అని మార్చి తెరిచి చూడండి. ఆండ్రాయిడ్ ఏపీకే కూడా జిప్పే. వీటిని మళ్లీ జిప్ చేసి మెయిల్‌లో పెట్టడంలో ఉన్న లాభం అన్నీ ఒకే ఫైల్‌గా వెళ్లడం ఒక్కటే. దానికి కుదింపు అక్కర్లేదు, స్టోర్ అని ఆప్షన్ ఉంటుంది.

మరి బాగా కుదిరేవి ఏవి? లాగ్ ఫైళ్లు, సీఎస్‌వీలు, సోర్స్ కోడ్. వాటితో పాటు మన తెలుగు. ఇది నాకు ముచ్చటగా అనిపిస్తుంది కాబట్టి బోర్డు మీద రాస్తాను. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకి 128 గళ్లు కేటాయించారు. వాటిని యూటీఎఫ్-8లో దాస్తే ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. ‘తెలుగు’ అని రాస్తే మనకి మూడు అక్షరాలు, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. పద్దెనిమిది బైట్లు. ఇప్పుడా బైట్లు చూడండి. త అంటే 224, 176, 164. ఎత్వం 224, 177, 134. ల అంటే 224, 176, 178. కొమ్ము 224, 177, 129. గ అంటే 224, 176, 151. మళ్లీ కొమ్ము 224, 177, 129.

ఏం కనిపిస్తోంది? మొదటి బైట్ ఎప్పుడూ 224. రెండోది 176, లేదంటే 177, మూడో మాట లేదు. 24 బిట్లు ఖర్చు పెట్టి మోస్తున్న అసలు సరుకు మహా అయితే 7 బిట్లు. అదే ఇంగ్లిష్ అక్షరానికి 8 బిట్లలో 7. తెలుగులో రాసిన వెబ్‌పేజీ కుదించకుండా పంపితే 224ని ఊరికే మోస్తూ పోతాం. కుదిస్తే ఆ అనవసరపు బరువు ముందే రాలిపోతుంది, దానికి పై లెవెల్స్ కూడా అక్కర్లేదు. మీలో ఎవరైనా తెలుగు వార్తల సైటో, కథల సైటో నడుపుతుంటే ముందు చూడాల్సిన సెట్టింగ్ ఇదే. చదివేవాడి ఫోన్‌లో నెట్ అందుకునే రేడియో తక్కువసేపు మెలకువగా ఉంటుంది.

ఇప్పుడు వేగం సంగతి. పాతకాలంలో డిస్కులు ఎంత నెమ్మదంటే, కుదించి దాచుకుంటే చదవడం త్వరగా అయిపోయేది. 1990ల్లో స్టాకర్ అని ఒక ప్రోగ్రామ్ వచ్చింది, 40 ఎంబీ డిస్కుని దాదాపు 80 చేసి చూపించేది. 1993లో ఎంఎస్-డాస్ 6తో మైక్రోసాఫ్ట్ డబుల్‌స్పేస్ అని పెట్టింది. స్టాకర్ వాళ్లు పేటెంట్ కేసు వేశారు, 1994లో జ్యూరీ 12 కోట్ల డాలర్లు ఇవ్వమంది. ఆ రోజుల్లో డిస్కు జాగా ఎంత ఖరీదో దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇప్పటి లెక్క వేద్దాం. తిరిగే హార్డ్‌డిస్క్ సెకనుకి 150 ఎంబీ చదువుతుంది. 10 జీబీకి 67 సెకన్లు. ఎల్‌జెడ్4తో సగానికి తగ్గించి పెడితే చదవడానికి 32 సెకన్లు, విప్పడానికి రెండున్నర సెకన్లు. స్పష్టంగా లాభం. అదే సెకనుకి 7000 ఎంబీ చదివే కొత్త ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే? కుదించకపోతే ఒకటిన్నర సెకన్లో అయిపోతుంది. కుదిస్తే చదవడం ముప్పావు సెకను, విప్పడం మళ్లీ రెండున్నర. ఒక్క కోర్‌తో అయితే నష్టం. జిప్‌తో విప్పితే పాతిక సెకన్లు, ఇక చెప్పక్కర్లేదు. డిస్కు ప్రాసెసర్‌ని దాటిపోయింది.

గేమ్స్ ఆడేవాళ్లకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ప్లేస్టేషన్ 5 తయారు చేసేటప్పుడు సోనీకి ఇదే సమస్య వచ్చింది. ఎస్ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ ఇస్తుంది, గేమ్ డేటా కుదించి ఉంటుంది. విప్పాక మామూలుగా 8, 9 జీబీ వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో విప్పాలంటే తొమ్మిది కోర్లు కావాలని దాని రూపకర్త మార్క్ సెర్నీ 2020లో చెప్పాడు. ఆ మెషీన్‌లో ఉన్నదే ఎనిమిది! గేమ్ ఎవరు నడపాలి? అందుకని విప్పడానికే చిప్‌లో విడిగా ఒక సర్క్యూట్ పెట్టారు. ఐబీఎం కూడా 2019 నాటి జెడ్15 మెయిన్‌ఫ్రేమ్‌లో డిఫ్లేట్‌ని ప్రాసెసర్ చిప్‌లోనే పెట్టింది. ఒకే పనికి పుట్టిన సర్క్యూట్ ఆ పనిని మామూలు కోర్ కంటే చాలా తక్కువ కరెంటుతో చేస్తుంది. మీ ఫోన్‌లో వీడియో చూస్తే చల్లగా ఉండి, చిప్‌కి చేతకాని ఫార్మాట్ వీడియో పెడితే చెయ్యి కాలేది ఇందుకే.

ఫోన్ అన్నాను కాబట్టి ఇంకొక్కటి. ర్యామ్ నిండినప్పుడు వాడని పేజీలని, అంటే ర్యామ్‌లోని ముక్కలని, కుదించి ర్యామ్‌లోనే ఒక మూల పెట్టే పద్ధతి ఉంది, జెడ్‌ర్యామ్. ఆండ్రాయిడ్‌లో 4.4 వెర్షన్ నుంచి వాడుతున్నారు. ఆపిల్ 2013లో మ్యాక్‌లకి ఇచ్చిన మావరిక్స్‌తో, మైక్రోసాఫ్ట్ విండోస్ 10తో ఇలాంటివే తెచ్చాయి. ర్యామ్ తక్కువున్న ఫోన్లకి ఇది మంచి బేరమని నా అభిప్రాయం. కుదించి విప్పడానికి కాస్త ఖర్చయినా, యాప్‌ని చంపేసి మళ్లీ మొదటి నుంచి తెరవడం కంటే చవక.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: సార్, విండోస్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ‘జాగా కోసం ఈ డ్రైవ్‌ని కంప్రెస్ చెయ్యి’ అని ఒక టిక్ బాక్స్ ఉంటుంది. పెట్టమంటారా?)

సీ డ్రైవ్ మొత్తానికి అయితే పెట్టొద్దమ్మా. అది 64 కేబీ ముక్కలుగా కుదిస్తుంది. ఆ ముక్క మధ్యలో చిన్న మార్పు రాయాలన్నా దాన్ని విప్పి, మార్చి, మళ్లీ కుదించాలి. డేటాబేస్ లాంటి ఫైళ్లకి అది నరకం. తిరిగే డిస్క్ అయితే ఫైళ్లు ముక్కలు ముక్కలుగా చెదిరిపోతాయి కూడా. ఎప్పుడో ఒకసారి చదివే పాత ప్రాజెక్ట్ ఫోల్డర్లు, టెక్స్ట్ ఫైళ్లు ఉంటే ఆ ఫోల్డర్ వరకు పెట్టుకోండి. ఫోటోల ఫోల్డర్‌కి వద్దు, కారణం ఇందాక చెప్పాను.

(ప్రశ్న: అన్ని కోర్లూ వాడి కుదిస్తే కరెంటు ఎక్కువ అవుతుందా?)

ఆ క్షణానికి వాట్లు ఎక్కువ, కానీ పని తొందరగా అయిపోతుంది. జూల్స్ అంటే వాట్లు ఇంటూ సెకన్లు. కుదించే ప్రాసెసర్‌తో పాటు స్క్రీన్, ర్యామ్, ఫ్యాన్, డిస్కు కూడా మేల్కొనే ఉంటాయి కదా, అవి తొందరగా పడుకుంటాయి. అందుకని చాలాసార్లు మొత్తం మీద తక్కువే అవుతుంది. కానీ ప్రాసెసర్ టర్బోలోకి వెళ్లి గడియారం వేగం బాగా పెంచేస్తే వోల్టేజ్ కూడా పెరుగుతుంది, అప్పుడు లాభం తగ్గుతుంది. మీ మెషీన్‌లో ఏది నిజమో కొలవాల్సిందే.

(ప్రశ్న: ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్‌ని కుదించవచ్చా?)

చేసినా తగ్గదు. ముందు కుదించి తర్వాత ఎన్‌క్రిప్ట్ చేయండి.

(ప్రశ్న: కొలవడానికి మీటర్ కొనాలా సార్?)

అక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో 2011 నుంచి ఎనర్జీ లెక్క పెట్టే కౌంటర్ లోపలే ఉంది, రాపెల్ అంటారు. లైనక్స్‌లో పెర్ఫ్ స్టాట్ అనే కమాండ్‌కి ఎనర్జీ ప్యాకేజ్ అనే ఈవెంట్ ఇచ్చి, పక్కన మీ జీజిప్ కమాండ్ రాస్తే చాలు, అయిపోగానే ఎన్ని జూల్స్ ఖర్చయిందో చూపిస్తుంది. అదే ఫైల్‌ని లెవెల్ 1లో ఒకసారి, 9లో ఒకసారి, విప్పేటప్పుడు ఒకసారి నడపండి. బ్రౌజర్ మూసేయండి, లేకపోతే దాని ఖర్చు కూడా ఇందులో కలుస్తుంది. మొదటి రన్ వదిలేయండి, అప్పుడు ఫైల్ ఇంకా డిస్క్ నుంచి వస్తూ ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. ఇంతకు ముందు అక్కర్లేకపోయేది. 2020లో ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు ఇంకొందరితో కలిసి, ఈ కౌంటర్ చదివి పక్క ప్రోగ్రామ్‌లోని రహస్య తాళాలు రాబట్టవచ్చని చూపించారు. అప్పటి నుంచి లైనక్స్‌లో దానికి తలుపు వేసేశారు. వర్చువల్ మెషీన్‌లో అయితే ఆ కౌంటర్ సాధారణంగా కనిపించదు, లైనక్స్ నేరుగా వేసిన మెషీన్ కావాలి. మీ ల్యాబ్‌లో చివరి వరుసలో అలాంటివి రెండున్నాయని ఇందాక టీ దగ్గర సార్ చెప్పారు. పాస్‌వర్డ్ ఆయన్నే అడగండి.